చేత్తో చేసే గ్రీటింగు కార్డులు: మడత దగ్గర పగుళ్లు, వానాకాలంలో వంపు, బీరువాలో మిగిలిపోతున్న కట్ట

ప్రశ్న: కాలువగట్టు (సత్యనారాయణపురం, విజయవాడ)

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా నేను ఇంట్లోనే గ్రీటింగు కార్డులు తయారు చేస్తున్నాను. పిల్లలు బడికీ, మావారు ఆఫీసుకూ వెళ్లిన తరువాత, మధ్యాహ్నం వంటకు ముందు దొరికే ముప్పావు గంటే రోజు మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సమయం. కిటికీ పక్కన చిన్న బల్ల, దాని మీద కార్డు షీట్ల కట్ట, పాత బిస్కెట్ల డబ్బాలో కత్తెర, సూదులు, రంగు దారాలు, ఇంతే నా సరంజామా. చుక్కల ముగ్గును అట్ట మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, చుక్క చుక్కకూ సూదితో రంధ్రం గుచ్చి, ఆ రంధ్రాల గుండా దారంతో ముగ్గు కుట్టడం నాకు బాగా చేతనైన పని. సంక్రాంతికి రథం ముగ్గు, పుట్టినరోజులకు తామర పువ్వు, పెళ్లిరోజులకు మెలికల ముగ్గు కుడతాను.

నా ఇబ్బందులు మూడు. మొదటిది మడత. గవర్నర్‌పేటలో కొన్న 300 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) ఐవరీ కార్డు, ఎ4 కొలతది, మధ్యకు మడిచినప్పుడు అంచు పగిలి పీచు బయటపడుతోంది. ముదురు రంగు షీటయితే ఆ తెల్లని గీత దూరానికి కూడా కనిపిస్తుంది. రెండవది, జూలై వచ్చిందంటే కార్డులు వంపు తిరుగుతున్నాయి, ఫెవికాల్ రాసిన చోట అలలు తేలుతున్నాయి.

మూడవది చేతిపనికి సంబంధించినది కాదు. నా బీరువాలో ప్రస్తుతం అరవైకి పైగా కార్డులు ఉన్నాయి. ఎవరిదైనా పుట్టినరోజు వస్తే కార్డు చేస్తాను, దానికి ఫోటో తీసి ఫోనులో పంపుతాను, కార్డును మాత్రం బీరువాలో పెట్టేస్తాను. ఒక మూల జిగురు మరకో, ఒక కుట్టు వదులో కనిపించి, ఇంకొకటి ఇంతకన్నా బాగా చేసి అదే పంపుదామని అనిపిస్తుంది. ఇదిలా ఉండగా, దగ్గరి బంధువు ఒకరు తమ గృహప్రవేశానికి వంద కార్డులు చేసిపెట్టమని, డబ్బు ఇస్తామని అడిగారు. ఒప్పుకోవాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: అట్టబైండింగు (అరండల్‌పేట, గుంటూరు)

అమ్మా, పాతికేళ్లు పుస్తకాల బైండింగు పని చేశాను కనుక మొదటి రెండు ఇబ్బందులకు నేను జవాబు చెప్పగలను. రెండింటికీ మూలం ఒక్కటే. చెక్కకు ఉన్నట్టే కాగితానికీ పీచు వాటం ఉంటుంది, దాన్నే ప్రెస్సులో గ్రెయిన్ అంటారు. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు యంత్రం నడిచే దిశలోనే పీచులు ఎక్కువగా పడుకుంటాయి. ఆ వాటం వెంట మడిస్తే అట్ట నున్నగా మడత పడుతుంది, అడ్డంగా మడిస్తే పీచులు విరిగి, మీరు చెప్పిన పగులు వస్తుంది.

బజారులో దొరికే ఎ4 షీట్లలో ఎక్కువ వాటికి వాటం పొడవు వైపు, అంటే 297 మిల్లీమీటర్ల వైపు ఉంటుంది. మీరు దాన్ని మధ్యకు మడిచినప్పుడు మడత 210 మిల్లీమీటర్ల గీత మీద, వాటానికి సరిగ్గా అడ్డంగా పడుతోంది. అదే షీటును ముందు మధ్యకు కత్తిరించి రెండు ఎ5 ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను మళ్లీ సగానికి మడవండి. అప్పుడు 148 మిల్లీమీటర్ల పొడవున పడే మడత వాటం వెంటే వస్తుంది. కార్డు చిన్నదవుతుంది కానీ ఒక షీటుకు రెండు కార్డులు వస్తాయి, మీ ముగ్గుకు ఆ జాగా చాలుతుంది. అయితే అన్ని షీట్లూ ఒకే విధంగా కోసినవి కావు కనుక కొత్త కట్ట తెచ్చినప్పుడల్లా పరీక్షించుకోవాలి. షీటును రెండు చేతులతో పట్టుకుని, మడత పడకుండా, ఒకసారి పొడవునా ఒకసారి అడ్డంగా మెల్లగా వంచి చూడండి. ఏ వైపు వంచితే చేతికి మెత్తగా లొంగుతుందో ఆ మడత వాటం వెంట ఉన్నట్టు. అప్పటికీ తెలియకపోతే చిన్న ముక్క కత్తిరించి ఒక ముఖాన్ని తడి చేయండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం పొడవే వాటం దిశ.

మడిచే ముందు ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో, స్కేలు ఆనించి, గాడి పడేలా ఒక గీత నొక్కండి. చాలామంది గాడి ఉన్న వైపుకే మడుస్తారు, అది పొరపాటు. గాడి నొక్కిన ముఖం కార్డుకు బయటి వైపు రావాలి, వెనుక ఉబ్బిన గట్టు మడత లోపల ఉండాలి. అప్పుడు బయటి పొర మీద లాగుడు తగ్గి పగులు రాదు.

ఇక వంపు సంగతి. తేమ తగిలితే పీచు పొడవు పెద్దగా పెరగదు, అడ్డంగా లావెక్కుతుంది. కింది అట్ట వాటం ఒక వైపు, పైన అంటించిన కాగితం వాటం ఇంకొక వైపు ఉంటే రెండూ చెరొక పక్కకు లాగి కార్డు వంగుతుంది. కనుక రెండింటి వాటాన్నీ ఒకే దిశలో ఉంచి అంటించండి. ఫెవికాల్‌లో నీరు ఉంటుంది, నేరుగా సీసాతో పోస్తే ఆ నీరంతా కాగితం తాగుతుంది. పాత విజిటింగు కార్డు ముక్కతో పలచగా లాగి రాయండి, లేదా పెద్ద కాగితం ముక్కలకు రెండు వైపులా అంటుకునే టేపు వాడండి. అంటించిన వెంటనే కార్డును రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు ఉంచి, రాత్రంతా వదిలేయండి. షీట్ల కట్టను పాలిథిన్ సంచిలో గట్టిగా చుట్టి, నేలకు ఆనకుండా, చదునుగా పడుకోబెట్టి దాచాలి.

మైదా జిగురు ఇంట్లో కాచుకోవచ్చు కానీ పురుగు పడుతుంది. మా పనిలో పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవాళ్లం. అది విషం, పిల్లలున్న ఇంట్లో, అదీ వంటింటి పక్కన, దాని జోలికి వెళ్లవద్దు. చింతగింజల జిగురు మాత్రం నాకు చాలా ఇష్టం. కొండపల్లి బొమ్మలు చేసేవారు తెల్లపొణికి చెక్క ముక్కలను అతికేందుకు చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపి మక్కు చేసుకుంటారు. కార్డుకు పొట్టు అవసరం లేదు, గింజల పై తొక్క తీసి పొడి కొట్టి, నీళ్లలో ఉడికించి వడకడితే దారం చివరలు అంటించేందుకు మంచి జిగురు వస్తుంది. రెండు రోజులకు సరిపడినంతే చేసుకోండి.

జవాబు: తపాలాపెట్టె (గవర్నర్‌పేట, విజయవాడ)

బైండింగు గారు చెప్పిన కొలతలో ఇంకొక లాభం ఉంది. ఉత్తరానికి స్టాంపు 20 గ్రాముల లెక్కన పెరుగుతుంది. 300 జీఎస్‌ఎం ఎ4 షీటు ఒక్కటే దాదాపు 18.7 గ్రాములు తూగుతుంది కాబట్టి దానికి కవరు తొడిగితే ఆ హద్దు దాటిపోతుంది. సగం షీటుతో చేసిన కార్డు 9.4 గ్రాములు, పలచని కాగితపు కవరు మరో నాలుగైదు గ్రాములు అనుకున్నా, దారానికీ అలంకరణకూ ఇంకా అయిదు గ్రాములకు పైగా మిగులుతుంది. అద్దం బిళ్లలు, చెక్క పూసలు వంటి ఎత్తైనవి అతికించకండి, ముద్ర వేసేటప్పుడు అవి చితికి కవరును చింపుతాయి. అనుమానం ఉన్నప్పుడు తపాలా కార్యాలయంలో తూకం వేయించి స్టాంపు అంటించడం మంచిది, ఎందుకంటే స్టాంపు చాలని ఉత్తరం బేరింగు అయితే, తగ్గిన మొత్తానికి రెట్టింపు అందుకునేవారే కట్టాలి. శుభాకాంక్షలు అందుకునేవారి చేత డబ్బు కట్టించడం బాగుండదు కదా.

మీ మూడవ ఇబ్బంది గురించి ఒక మాట. మీరు కార్డు పూర్తయ్యాక ఎవరికి పంపాలా అని ఆలోచిస్తున్నారని నాకు అనిపించింది. నేను కవరు ముందు రాస్తాను. చిరునామా, ఆరు అంకెల పిన్‌కోడు అన్నీ రాసి, స్టాంపు అంటించి, ఆ కవరును బల్ల మీద ఎదురుగా పెట్టుకుని, తరువాతే కార్డు మొదలుపెడతాను. పేరు రాసిన కవరు ఎదురుగా ఉంటే చేయి ఆ మనిషి కోసమే కదులుతుంది, పూర్తయిన కార్డును బీరువాలో పెట్టాలని అనిపించదు.

జవాబు: నిజాం అంచు (మంగళగిరి)

చెల్లీ, నేను బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. కార్డుల పని నాకు రోజులో ఒక మూల కాదు, రోజంతా దాని ఆనవాళ్లు ఉంటాయి. పొద్దున్నే పూజకు పూలు కోసేటప్పుడు రాలిన కాగితపు పూలను (బోగన్‌విలియా) ఏరి పాత వార్తాపత్రికల మధ్య పెడతాను, సాయంత్రం టీవీ చూస్తూ కవర్లు మడుస్తాను, కుట్టు పని మిగిలితే కరెంటు పోయిన మధ్యాహ్నం వరండాలో కూర్చుని చేస్తాను. మీకు దొరికే ముప్పావు గంటలోనే కార్డు మొత్తం పూర్తి చేయాలనుకోవద్దు. ఒక రోజు కోత, ఒక రోజు మడతలు, మరునాడు రంధ్రాలు, ఆ తరువాత కుట్టు అని విడదీసుకుంటే, అలసిన రోజు కూడా చేయగలిగిన పని ఏదో ఒకటి బల్ల మీద సిద్ధంగా ఉంటుంది.

పూలలో కాగితపు పూలంత చక్కగా రంగు నిలిచేవి నేను చూడలేదు. బంతిపూలను రేకలుగా విడదీసి నొక్కితే బాగుంటాయి. మల్లెలు గోధుమరంగుకు తిరుగుతాయి, మందారం నల్లబడుతుంది, అవి వద్దు. వానాకాలంలో రెండు రోజులకొకసారి పత్రికలు మార్చకపోతే బూజు పడుతుంది. వీటన్నిటికన్నా నాకు ప్రాణం రావి ఆకు. బాగా ముదిరిన ఆకులను బకెట్టు నీళ్లలో వేసి, అప్పుడప్పుడు నీళ్లు మారుస్తూ, మూడు నాలుగు వారాలు నాననివ్వాలి. వాసన వస్తుంది కాబట్టి బకెట్టు పెరటి చివర ఉంచండి. పసరు భాగం కుళ్లి మెత్తబడ్డాక, ఆకును అరచేతిలో పరిచి, కుళాయి ధార కింద పాత పళ్ల బ్రష్షుతో అతి మెల్లగా రుద్దితే ఈనెల వల ఒక్కటే మిగులుతుంది. మొదట్లో పది ఆకులకు నాలుగు చిరిగాయి, ఇప్పుడు చేయి కుదిరింది. ముదురు ఎరుపు అట్ట మీద ఆ వల అంటించి, పక్కన మంగళగిరి చీర నిజాం అంచు ముక్క సన్నగా పెడితే ఇక వేరే అలంకారం అవసరం ఉండదు. గుడ్డ ముక్కకు గంజి పెట్టి ఇస్త్రీ చేసి కత్తిరించండి, దారాలు ఊడవు.

శుభలేఖకు పెట్టినట్టే కార్డు నాలుగు మూలలా పసుపు రాయాలని కొందరికి ఉంటుంది. చూడటానికి బాగుంటుంది కానీ వెలుతురు తగిలితే పసుపు వెలిసిపోతుంది, సున్నం తగిలితే ఎర్రబడుతుంది. గోడకు పెట్టుకుంటారని తెలిస్తే పసుపు రంగు కాగితం ముక్కలే అంటించడం మేలు. పాత శుభలేఖలను పారేయకండి, వాటి వెనుక వైపు మంచి అట్ట ఉంటుంది.

వంద కార్డుల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను, ఒప్పుకోవద్దు. ఒక కుట్టు కార్డుకు మీకు కనీసం రెండు గంటలు పడుతుందనుకుంటే వంద కార్డులకు రెండు వందల గంటలు. రోజుకు ముప్పావు గంట చొప్పున దాదాపు తొమ్మిది నెలలు పడుతుంది. ఆ తొమ్మిది నెలలూ మీకు ఇష్టమైన సమయం పూర్తిగా వారి పని అవుతుంది. నేను ఒకసారి డబ్బుకు నలభై కార్డులు ఒప్పుకున్నాను. గడువు దగ్గరపడే కొద్దీ నిద్ర తగ్గింది, ఆ తరువాత నాలుగు నెలలు బల్ల దగ్గరికే వెళ్లలేదు. బంధువులు నొచ్చుకోకుండా ఉండాలంటే, వారి ఇంటి గడప ముగ్గునే కుట్టి ఒకే ఒక్క పెద్ద కార్డు గృహప్రవేశానికి ఇవ్వండి. ఆహ్వానాలు ప్రెస్సులో అచ్చు వేయించుకుంటారు.

జవాబు: తపాలాపెట్టె

అక్కా, ఈ ఒక్క విషయంలో మీతో పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు, సంఖ్య తగ్గించి, గడువు లేకుండా ఒప్పుకుంటే కాగితం ఖర్చయినా వస్తుంది. కానీ వంద మాత్రం ఎక్కువే, అందులో సందేహం లేదు.

కాలువగట్టు (ప్రశ్న అడిగినవారు, అయిదు వారాల తరువాత)

పెద్దలందరికీ కృతజ్ఞతలు. సగం షీటుతో, వాటం వెంట, గాడి బయటికి వచ్చేలా మడిచిన కార్డుల్లో ఒక్కదానికీ పగులు రాలేదు. ముదురు నీలం షీటు మీద కూడా మడత నున్నగా వచ్చింది, దాన్ని చూసి చాలాసేపు వేలితో నిమురుతూ కూర్చున్నాను. మా బంధువులకు వంద చేయలేనని చెప్పి, వారి గడప ముగ్గు ఫోటో తెప్పించుకుని ఒక పెద్ద కార్డు మొదలుపెట్టాను.

బీరువాలోని అరవై కార్డులనూ బల్ల మీద పరిచాను. వాటిలో ఏదో ఒక లోపం ఉందని పక్కన పెట్టినవే అన్నీ. సగానికి పైగా వాటిలో ఆ లోపం ఏదో నాకే కనిపించలేదు. కవర్లు ముందు రాయడం మొదలుపెట్టి ఇప్పటికి పదకొండు పోస్టు చేశాను. తెనాలిలో ఉండే మా పెద్దమ్మ ఫోను చేసి, కార్డు తిప్పి చూస్తే వెనుక దారం ముడులు కనిపిస్తున్నాయనీ, ముగ్గు ఏ చుక్క దగ్గర మొదలుపెట్టి ఎక్కడ ముగించానో ఆ ముడులను బట్టి తాను కనిపెట్టాననీ చెప్పింది. వెనుక వైపు కాగితం అంటించి ఆ ముడులు కప్పేయాలని ఇన్నాళ్లూ అనుకునేదాన్ని.

బైండింగు గారూ, ఇంకొక చిన్న సందేహం. దారం కుట్టిన అట్టను బరువు కింద పెడితే ముడుల అచ్చు ముందు వైపుకు పడుతోంది. ఏం చేయాలి?

జవాబు: అట్టబైండింగు

కార్డు వెనుక వైపు, ముడులకు ఆనేలా, మెత్తని గుడ్డను నాలుగు మడతలు వేసి పెట్టి, దాని మీద బరువు ఉంచండి. ముడులు గుడ్డలోకి దిగుతాయి, ముందు వైపు అచ్చు పడదు. బరువు రాత్రంతా వద్దు, రెండు గంటలు చాలు.