చేయూత డబ్బుతో కొన్న గేదె చేపడం (పాలు దింపడం) లేదు
నాలుగు విడతల వైఎస్సార్ చేయూత పథకం డబ్బు (18,750 చొప్పున 75,000) దాచి కొన్న ముర్రా గేదె, రెండో ఈత, ఈని 25 రోజులు. అమ్మినవాళ్ల ఇంట్లో వరసగా మూడు పూటలు పిండించి చూశాకే తోలుకొచ్చాం. పూటకు 4 లీటర్లిచ్చింది. మా దగ్గర ఆరు రోజులుగా పూటకు లీటరున్నరే. దూడ కుమ్మినా చేపదు, పిండాక కూడా పొదుగు బిర్రుగానే ఉంటోంది. అక్కడ రోజూ ఆక్సిటోసిన్ (పాలు దిగేలా చేసే హార్మోన్) సూది వేసేవారేమోనని అనుమానం.

గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడగడం, పిండేటప్పుడే దాణా (రోజుకు 3 కిలోలు) పెట్టడం, కాల్షియం తాగించడం అయ్యాయి. పొదుగువాపు లేదని డాక్టరు చూసి చెప్పారు. మళ్లీ సూది జోలికి మాత్రం పోదలుచుకోలేదు.

సూదికి అలవాటుపడ్డ గేదెను తిరిగి దూడకే చేపేలా ఎలా మార్చుకున్నారు?