టాస్క్‌బార్ నిండా ఐకాన్లే, కావాల్సినది మాత్రం టైంకి దొరకదు

డీటీపీ షాపు:
అన్నలకి నమస్తే. మాది చిన్న డీటీపీ సెంటర్, ఒకటే సిస్టమ్, విండోస్ 11. పేజ్‌మేకర్, ఫోటోషాప్, కోరెల్‌డ్రా, తెలుగు టైపింగ్‌కి వాడే అను స్క్రిప్ట్, ఎక్సెల్, వర్డ్, క్రోమ్, వాట్సాప్, కాలిక్యులేటర్, స్కానర్‌ది ఒకటి, ప్రింటర్లవి ఒకటో రెండో, ఇలా చేతికి వచ్చిందల్లా కింద టాస్క్‌బార్‌కి పిన్ చేసుకుంటూ పోయా. ఇప్పుడు ఆ బార్ చూస్తే ముహూర్తాల రోజున బస్టాండ్‌లా ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖ పేజ్‌మేకర్‌లో, ఫ్లెక్సీ కోరెల్‌లో, ఎవరిదో పాస్‌పోర్ట్ ఫోటో ఫోటోషాప్‌లో ఒకేసారి నడుస్తుంటాయి, మధ్యలో ఒకాయన వచ్చి "వాట్సాప్‌లో పంపా, ఒక్క ప్రింట్ తీసివ్వు" అంటాడు, నేను వాట్సాప్ అనుకుని ఎక్సెల్ నొక్కుతా. డెస్క్‌టాప్ మీద పెట్టుకుందామంటే అక్కడ కస్టమర్ల ఫైళ్లే చోటు లేకుండా ఉన్నాయి. టాస్క్‌బార్ ఖాళీగా ఉండాలి, ప్రోగ్రామ్ మాత్రం టక్కున ఓపెన్ అవ్వాలి. ఏం చేస్తారు మీరు?

పాత సిస్టమ్:
ముందు టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. సెర్చ్, టాస్క్ వ్యూ, విడ్జెట్స్, ఈ మూడూ ఆఫ్ చేస్తేనే సగం చోటు మిగులుతుంది. విండోస్ కీ నొక్కి టైప్ చేసినా సెర్చ్ వచ్చేస్తుంది కాబట్టి ఆ పొడుగు పెట్టె అక్కడ ఉండాల్సిన పని లేదు. తర్వాత స్కానర్, ప్రింటర్లవి అన్‌పిన్ చేసేయండి, స్టార్ట్ మెనూలో ఎలాగూ ఉంటాయి. గడియారం పక్కన ఉండే చిన్న ఐకాన్ల సంగతి వేరే. అవి ఎక్కువగా సిస్టమ్ ఆన్ అవ్వగానే వాటంతట అవే లేచి కూర్చునేవి. కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో స్టార్టప్ యాప్స్ అని ఉంటుంది, అక్కడ అక్కర్లేనివి డిజేబుల్ చేయండి. సిస్టమ్ కూడా కొంచెం త్వరగా లేస్తుంది. అను స్క్రిప్ట్ ఐకాన్ మాత్రం దాచొద్దు. అదే సెట్టింగ్స్‌లో అదర్ సిస్టమ్ ట్రే ఐకాన్స్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేసి పెట్టుకోండి. తెలుగు ఆన్‌లో ఉందో లేదో కంటికి కనపడకపోతే ఇంగ్లీషులో కొట్టాల్సిన చోట చెత్తంతా పడుతుంది.

కీబోర్డ్ పిచ్చి:
తమ్ముడూ, మౌస్ వదిలెయ్. టాస్క్‌బార్‌లో ఎడమ నుంచి మొదట పిన్ చేసినదానికి విండోస్ కీ, 1. రెండోదానికి విండోస్ కీ, 2. అలా 9 దాకా, పదోదానికి 0. విండోస్ 7 నుంచీ ఉన్న సదుపాయమే, డీటీపీలో పండిపోయినవాళ్లు కూడా చాలామంది వాడరు, ఎందుకో అర్థం కాదు. ప్రోగ్రామ్ తెరిచి లేకపోతే తెరుస్తుంది, తెరిచి ఉంటే దాని మీదకి తీసుకెళ్తుంది. షిఫ్ట్ కూడా కలిపి నొక్కితే అదే ప్రోగ్రామ్ ఇంకో విండో తెరుచుకుంటుంది, అంటే రెండోసారి తెరవనిచ్చే ప్రోగ్రామ్ అయితేనే. కాబట్టి అసలు పని వరస పెట్టడంలో ఉంది. పేజ్‌మేకర్ 1, ఫోటోషాప్ 2, కోరెల్ 3, వాట్సాప్ 4, క్రోమ్ 5 అని మౌస్‌తో లాగి పెట్టుకో, ఇక ఆ వరస కదపకు. ఐదారుకి మించి పిన్ చేయకు. ఎడమ చెయ్యి కీబోర్డ్ మీద నుంచి కదలకుండా అందేవి ఆ కొన్నే. 8, 9 కోసం చూపు దింపాల్సి వస్తే మౌస్‌తో నొక్కినట్టే లెక్క.

గుంటూరు హార్డ్‌వేర్:
ఇంకో దారి, పవర్‌టాయ్స్ అని విండోస్‌కి అదనంగా వేసుకునే సాఫ్ట్‌వేర్. మైక్రోసాఫ్ట్ వాళ్లదే, ఉచితం. అందులో రన్ అనేది ఆన్ చేస్తే ఆల్ట్ స్పేస్ నొక్కగానే మధ్యలో ఒక పెట్టె వస్తుంది, ప్రోగ్రామ్ పేరులో రెండు మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, టాస్క్‌బార్‌లో ఏదీ పిన్ చేయక్కర్లేదు. లెక్క కూడా అందులోనే కొట్టొచ్చు, కాలిక్యులేటర్ తెరవకుండా.

కీబోర్డ్ పిచ్చి:
బాగానే ఉంటుంది కానీ ఈ తమ్ముడిది డీటీపీ షాపు కదా. అనులో తెలుగు ఆన్‌లో ఉన్నప్పుడు ఏ పెట్టెలో టైప్ చేసినా, స్టార్ట్ మెనూ సెర్చ్ అయినా సరే, ఇంగ్లీషు అక్షరాలు పడవు. ప్రతిసారీ తెలుగు ఆపి, ప్రోగ్రామ్ తెరిచి, మళ్లీ ఆన్ చేయడం ఎవరివల్ల అవుతుంది? అందుకే నంబర్లు చెప్పింది. మామూలు ఆఫీసు పని చేసేవాళ్లకైతే పవర్‌టాయ్సే మేలు, అది ఒప్పుకుంటా.

డీటీపీ షాపు:
నంబర్ల సంగతి అదిరింది అన్నా, ఇప్పుడే చేసి చూశా. ఇంకొకటి. క్రోమ్ మూడు విండోలు, ఎక్సెల్ బిల్లులు నాలుగు తెరిచి ఉంటే అన్నీ ఒకే ఐకాన్ కింద కుప్పగా ఉంటున్నాయి, పైన పేరు కూడా కనపడదు. ఎవరి బిల్లు ఏదో తెలీదు. నా పాత కంప్యూటర్‌లో విడివిడిగా పేర్లతో వచ్చేవి.

పాత సిస్టమ్:
అది విండోస్ 11 వచ్చినప్పుడు, 2021లో తీసేశారు. జనం బాగా గోల చేశారు, 2023లో మళ్లీ ఇచ్చారు. టాస్క్‌బార్ సెట్టింగ్స్, కింద టాస్క్‌బార్ బిహేవియర్స్, అందులో కంబైన్ టాస్క్‌బార్ బటన్స్ అన్నదాన్ని నెవర్ అని పెట్టండి. ఆ లైన్ కనపడకపోతే మీ విండోస్ అప్‌డేట్ అయి లేదన్నట్టు. కానీ నెవర్ పెడితే బార్ త్వరగా నిండిపోతుంది, మళ్లీ మొదటికొస్తారు. నాకైతే వెన్ టాస్క్‌బార్ ఈజ్ ఫుల్ బాగుంటుంది, చోటున్నంతవరకు పేర్లు కనపడతాయి, నిండాకే కలిసిపోతాయి. బార్‌ని పక్కకి, పైకి జరుపుకునే వీలు కూడా అప్పుడే తీసేశారు, అదే నాకు ఇప్పటికీ మంట.

కీబోర్డ్ పిచ్చి:
కుప్పగా ఉన్నా పర్లేదు. విండోస్ కీ వదలకుండా ఆ నంబరే మళ్లీ మళ్లీ నొక్కితే ఒక్కో విండోకి వెళ్తుంది. కంట్రోల్ కూడా కలిపితే చివరగా వాడిన విండోకి నేరుగా పోతుంది. ఫోటోషాప్‌లో ఫైళ్లు మామూలుగా లోపల ట్యాబ్‌లే కాబట్టి అక్కడ కంట్రోల్ ట్యాబ్.

మాఘమాసం:
షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షార్ట్‌కట్ కీ దగ్గర కంట్రోల్ ఆల్ట్ తోపాటు ఏదో అక్షరం పెట్టుకోవచ్చు కదా? పేజ్‌మేకర్‌కి పి, కాలిక్యులేటర్‌కి సి. నేను అలాగే వాడతా.

గుంటూరు హార్డ్‌వేర్:
ఆ సి పెడితే ఫోటోషాప్ వాడేవాళ్లకి చిక్కు. కంట్రోల్ ఆల్ట్ సి అంటే అందులో క్యాన్వాస్ సైజ్, కంట్రోల్ ఆల్ట్ ఐ ఇమేజ్ సైజ్. పాస్‌పోర్ట్ ఫోటోలు చేసేవాళ్లు రోజూ నొక్కే కీలు ఇవి. విండోస్ ముందే పట్టేసుకుంటుంది, ఫోటోషాప్‌కి చేరదు, క్యాన్వాస్ అడిగితే కాలిక్యులేటర్ వస్తుంది. ఇంకోటి, ఆ షార్ట్‌కట్ ఫైలు డెస్క్‌టాప్ మీదో స్టార్ట్ మెనూలోనో ఉంటేనే కీ పనిచేస్తుంది, ఇంకో ఫోల్డర్‌లోకి సర్దేస్తే ఆగిపోతుంది.

డీటీపీ షాపు:
అమ్మో, క్యాన్వాస్ లేకపోతే నా రోజు గడవదు. నంబర్లే ఖాయం. మరి కస్టమర్ల ఫైళ్ల సంగతి?

పాత సిస్టమ్:
డెస్క్‌టాప్ మీద కాకుండా డి డ్రైవ్‌లో శుభలేఖలు, ఫ్లెక్సీలు, ఫోటోలు అని ఫోల్డర్లు పెట్టి, ఒక్కోదాని మీద రైట్ క్లిక్ చేసి పిన్ టు క్విక్ యాక్సెస్ ఇవ్వండి. తర్వాత టాస్క్‌బార్‌లో పసుపు ఫోల్డర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే అవి పైకి లిస్టులా వస్తాయి. ఎక్సెల్ ఐకాన్ మీద కూడా రైట్ క్లిక్ చేస్తే ఈమధ్య తెరిచిన ఫైళ్లు కనిపిస్తాయి, రోజువారీ బిల్లు పక్కన ఉన్న పిన్ గుర్తు నొక్కితే అది అక్కడే ఉండిపోతుంది. పేజ్‌మేకర్ పాతది కదా, 7.0 వచ్చి 2001 నాటిది, దానికి ఈ లిస్టు సరిగా రాకపోవచ్చు. దాని ఫైళ్లకి ఫోల్డర్ దారే.