కేమన్‌కి వింటర్ టైర్లా, ఆల్ సీజనా, లేక మార్చి దాకా షెడ్డులోనా?

నెల్లూరోడు (స్టుట్‌గార్ట్)

అందరికీ నమస్కారం. ఆగస్టులో సెకండ్ హ్యాండ్ పోర్షే 718 కేమన్ కొన్నాను. బేస్ మోడల్, 300 హార్స్‌పవర్, మాన్యువల్ గేరు. ఇంజను సీట్ల వెనకే, తిరిగేవి వెనక చక్రాలు. మా ఇంట్లో ఉన్నది ఈ ఒక్క కారే. బండితో వచ్చినవి 19 అంగుళాల సమ్మర్ టైర్లు, ముందు 235/40, వెనక 265/40 (మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది అందులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో).

అక్టోబరు వచ్చేసింది. ఇక్కడ జర్మన్లు "ఓ నుంచి ఓ" అంటారు కదా, ఒక్టోబర్ నుంచి ఓస్టర్న్, అంటే ఈస్టర్ దాకా వింటర్ టైర్లు ఉండాలని. ఆఫీసుకు నేను ఎస్-బాన్ రైల్లో పోతాను. కారు తీసేది వారానికి రెండుమూడు సార్లు. నెలకోసారి ఏ8 ఆటోబాన్ (జర్మన్ ఎక్స్‌ప్రెస్ హైవే) మీద మ్యూనిక్, అక్కావాళ్ళింటికి. క్రిస్మస్ సెలవుల్లో ఆస్ట్రియా వెళ్దామని మా ఆవిడ పట్టు.

వింటర్ సెట్ చక్రాలతో సహా కొంటే రెండు వేల యూరోలు దాటేట్టుంది. ఆల్ సీజన్ వేసి ఏడాదంతా నెట్టుకురావచ్చా? లేదా ఈ నాలుగు నెలలు బండి మూసేసి అద్దె కారు తీసుకోవడం మేలా? కొంటే 18 అంగుళాలా, 19ఆ? పోర్షే ఎన్ మార్క్ ఉన్నవే కొనాలా?

పాతకార్ల పిచ్చోడు (కార్ల్స్‌రూహె)

తమ్ముడూ, అడుసు తొక్కనేల కాలు కడగనేల. ఇక్కడ రోడ్ల మీద వాళ్ళు చల్లేది ఇసుక కాదు, ఉప్పు. అది బండి కింద ప్రతి బోల్టు సందులోకీ పోతుంది. నా బండికి సీజన్ నంబర్ ప్లేటు తీసుకున్నా, ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు. ఇన్సూరెన్సూ, టాక్సూ ఆ ఏడు నెలలకే. నవంబరులో బ్యాటరీకి చార్జర్ తగిలించి, టైర్లలో గాలి కాస్త ఎక్కువ కొట్టి గుడ్డ కప్పేస్తా. టైర్ల గొడవే లేదు.

సీతాఫలం (మ్యూనిక్)

అన్నా, ఆయనకున్నది ఒక్కటే కారని మొదటి పేరాలోనే రాశారు. మీకు ఇంకో కారుంది కాబట్టి మీరు మూసేశారు. ఇంకో సంగతి, సీజన్ ప్లేటు తీసుకుంటే మిగతా నెలల్లో ఆ బండిని రోడ్డు పక్కన పార్క్ కూడా చేయకూడదు. సొంత గరాజ్ ఉండాలి. నెల్లూరు తమ్ముడూ, నీకు గరాజ్ ఉందా?

నా అనుభవం చెప్తాను. వచ్చిన మొదటి ఏడాది నాదీ వెనక చక్రాల కూపేనే. "ఇంకా మంచు పడలేదు కదా" అనుకుంటూ నవంబరు ఆఖరు దాకా సమ్మర్ టైర్లతోనే తిరిగా. ఒక ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ ర్యాంప్ దిగుతుంటే, గట్టిగా ఇరవై స్పీడు కూడా లేదు, బ్రేక్ తొక్కితే బండి ఆగలేదు. స్టీరింగ్ తిప్పినా తిరగలేదు. అలాగే జారుకుంటూ పోయి కాలిబాట అంచుకు కొట్టుకుంది. ముందు చక్రం రిమ్ము వంగింది. ఏబీఎస్ టకటకమంటూనే ఉంది పాపం, దానికి పట్టుకోవడానికి రోడ్డు దొరకాలి కదా. ఆ రిమ్ము ఖరీదులో రెండు వింటర్ టైర్లు వచ్చేవి.

నెల్లూరోడు (స్టుట్‌గార్ట్)

గరాజ్ లేదక్కా, వీధిలోనే పెడతాను. అయితే సీజన్ ప్లేటు కథ అక్కడే ముగిసింది.

డెట్రాయిట్ బుల్లోడు (మిషిగన్)

ఇంత ఆలోచన ఎందుకు బ్రదర్. మిచెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4 వేసుకో. నా కార్వెట్‌కి అవే. పొడి రోడ్డు మీద సమ్మర్ టైరుకి కాస్త అటూ ఇటూ. మాకు వింటర్ టైర్ల చట్టం కూడా లేదు. పెద్ద మంచు పడిన రోజు బండి తీయను, అంతే.

ఒక్క మాట మాత్రం నిజం. కార్వెట్‌తో వచ్చే సమ్మర్ టైర్లు మైనస్ 7 సెంటీగ్రేడ్ కంటే చల్లటి చోట వాడితే ట్రెడ్ (రోడ్డుకు ఆనే రబ్బరు) మీద పగుళ్ళు రావచ్చని కంపెనీ మాన్యువల్లోనే రాసి ఉంది. నడపడమే కాదు, అంత చలిలో షెడ్డులో పెట్టినా ప్రమాదమే. మూసేస్తామనే పెద్దలు అది కూడా చూసుకోవాలి.

సీతాఫలం (మ్యూనిక్)

బుల్లోడు గారూ, అది మీ ఊళ్ళో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. మీరు చెప్పిన టైరు మీద ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అని మాత్రమే ఉంటుంది. అది పరీక్ష పెట్టి ఇచ్చే గుర్తు కాదు. మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు పువ్వు ఉన్న గుర్తు కావాలి. 2017 ఆఖరు లోపు తయారైన ఎం ప్లస్ ఎస్ టైర్లకు జర్మనీ 2024 సెప్టెంబరు 30 వరకు గడువిచ్చింది. ఆ తర్వాత మంచు రోడ్డు మీద కొండ గుర్తు లేకుండా దొరికితే 60 యూరోల జరిమానా, లైసెన్సు మీద ఒక పాయింటు. దారికి అడ్డం పడితే 80.

ఇంకో అపోహ కూడా ఉంది. జర్మనీలో ఫలానా తారీకు నుంచి వింటర్ టైర్లు వేయాలన్న రూల్ లేదు. మంచు, బురద మంచు, గడ్డకట్టిన తడి ఉన్నప్పుడు వేసి ఉండాలి. "ఓ నుంచి ఓ" జనం మాటే, చట్టం కాదు. ఆస్ట్రియాలో మాత్రం నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు అని తారీకులున్నాయి. అక్కడ కూడా మంచు రోడ్డు మీదున్నప్పుడే, కానీ ట్రెడ్ లోతు కనీసం 4 మిల్లీమీటర్లు ఉండాలి. అరిగినవి సెకండ్ హ్యాండ్‌లో కొంటే నీ ఆస్ట్రియా ట్రిప్పు అక్కడే ఆగిపోతుంది.

కూకట్‌పల్లి కుర్రాడు (హైదరాబాద్)

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మనం డిసెంబరులో లంబసింగి పోతాం కదా, సున్నా దగ్గరకొస్తుంది. అక్కడికి కూడా టైర్లు మార్చాలా భయ్యా?

ఫిజిక్స్ మాస్టారు (ఆఖెన్)

అక్కర్లేదు నాయనా. తెల్లారుజామున రెండు గంటల చలి కోసం టైర్లు మార్చరు. తొమ్మిదింటికల్లా ఎండ వస్తుంది, రోడ్డు పొడిగా ఉంటుంది. మనాలి దాటి అటల్ సొరంగం అవతలికి జనవరిలో పోతే మాత్రం వేరే సంగతి, అక్కడ చైన్లు కట్టుకోవాలి.

అసలు "7 డిగ్రీల కంటే తగ్గితే సమ్మర్ టైరు పనికిరాదు" అనే మాట మీద నాకు అభ్యంతరం ఉంది. 7 దగ్గర గీత గీసినట్టు రబ్బరు రాయి అయిపోదు. మామూలు సమ్మర్ టైరు 3 డిగ్రీల పొడి రోడ్డు మీద బాగానే ఆగుతుంది, ఒక్కోసారి వింటర్ టైరు కంటే ముందే ఆగుతుంది కూడా. చలికి ముందుగా గట్టిపడేది రేస్ ట్రాక్ కోసం చేసిన మిచెలిన్ కప్ 2 లాంటి టైర్ల రబ్బరు. అసలు తేడా మంచు మీదే తెలుస్తుంది. వింటర్ టైరు దిమ్మెల మీద సన్నటి కోతలు వందల్లో ఉంటాయి. అవి మంచును కరిచి పట్టుకుంటాయి. మంచుకు మంచే బాగా అతుక్కుంటుంది, పిల్లలు మంచు ముద్దలు చేసేటప్పుడు చూడండి.

చిన్న లెక్క. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేక్ కొట్టారు. రోడ్డు పట్టు (ఘర్షణ గుణకం) 0.3 అయితే బండి 33 మీటర్లలో ఆగుతుంది. 0.15 అయితే 65 దాటుతుంది. పట్టు సగమైతే దూరం రెట్టింపు, అంతే. 300 హార్స్‌పవర్ ఉన్నా, నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్నా ఈ లెక్క మారదు. నాలుగు చక్రాల డ్రైవ్ కదలడానికి సాయం చేస్తుంది, ఆగడానికి కాదు.

డెట్రాయిట్ బుల్లోడు (మిషిగన్)

మాస్టారూ, మీ లెక్క ప్రకారమే చూస్తే స్టుట్‌గార్ట్‌లో ఏడాదికి మంచు పడే రోజులు ఎన్ని? ఆ కొద్ది రోజుల కోసం మిగతా చలికాలమంతా మెత్తటి టైర్ల మీద తిరగాలా?

సీతాఫలం (మ్యూనిక్)

స్టుట్‌గార్ట్ గిన్నెలాంటి లోయలో ఉంటుంది, అందుకే అక్కడ మంచు తక్కువ. కానీ ఆయన నెలకోసారి వచ్చేది ఏ8 మీద. దారిలో ష్వేబిషె ఆల్ప్ కొండలు ఎక్కాలి. కింద 4 డిగ్రీల వాన, పైకి ఎక్కేసరికి తెల్లటి రోడ్డు, లారీలు అడ్డంగా. నా కళ్ళారా చూశాను. ఆయన దారిలో అత్యంత చెడ్డ రోజు ఎలా ఉంటుందో దాన్ని బట్టి టైరు కొనాలి.

మంచు బాబాయ్ (మాంట్రియల్)

మా క్యూబెక్‌లో ఈ చర్చే ఉండదు. డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి, మంచు పడ్డా పడకపోయినా. కాబట్టి ఇరవై ఏళ్ళ అనుభవంతో చెప్తున్నా, నోకియన్ హక్కపెలిట్టా ఆర్5 తీసుకో. అసలు వింటర్ టైరు పుట్టించిందే ఆ ఫిన్లాండ్ వాళ్ళు, 1934లో, లారీల కోసం. ఐసు మీద దానికి సాటి లేదు.

ఫిజిక్స్ మాస్టారు (ఆఖెన్)

బాబాయ్ గారూ, మీ ఊరికి అది బంగారం. ఆటోబాన్‌కి కాదు. ఆ టైరు స్పీడ్ రేటింగ్ ఆర్, అంటే 170. వింటర్ టైర్లలో రెండు జాతులున్నాయి. ఒకటి నార్డిక్, మైనస్ 20లో ఐసు మీద తిరగడానికి చేసిన చాలా మెత్తటి రబ్బరు. రెండోది ఆల్పైన్, మధ్య యూరప్ కోసం చేసింది, తడి రోడ్డు, బురద మంచు, 200 స్పీడు మూడూ తట్టుకోవాలి. మిచెలిన్ పైలట్ ఆల్పిన్ 5, పిరెల్లి సోట్టోజీరో 3, కాంటినెంటల్ టీఎస్ 860 ఎస్ లాంటివి ఈ రెండో జాతి. కేమన్‌కి నార్డిక్ వేస్తే 5 డిగ్రీల తడి మలుపులో బండి జెల్లీ మీద నిలబడ్డట్టు ఊగుతుంది.

కేమన్ టాప్ స్పీడు 275. వి రేటింగ్ వింటర్ టైరు 240 వరకే. అయినా వేసుకోవచ్చు. డ్రైవరుకు కనబడేలా 240 అని స్టిక్కరు అంటించి, ఆ వేగం దాటకుండా ఉంటే చాలు.

మంచు బాబాయ్ (మాంట్రియల్)

170 దాటి నడిపే ఊళ్ళో ఉన్నారని మర్చిపోయా. ఒప్పుకుంటున్నా. 18 అంగుళాలే తీసుకోమనండి, సన్నటి టైరు మంచును కోసుకుంటూ పోతుంది.

పాతకార్ల పిచ్చోడు (కార్ల్స్‌రూహె)

బాబాయ్, ఈ బండి విషయంలో అది తప్పు. కేమన్ 18 అంగుళాల సైజు 235/45, 265/45. వెడల్పు 19కి ఎంతో దీనికీ అంతే. పెరిగేది పక్క గోడ, ముందు టైరుకు 94 మిల్లీమీటర్ల నుంచి 106కి. మొత్తం ఎత్తు తేడా రెండు మిల్లీమీటర్లే. అయినా నేనూ 18 అనే అంటా. ఫిబ్రవరిలో ఇక్కడ రోడ్లు గుంతలు తేలతాయి, ఆ 12 మిల్లీమీటర్ల రబ్బరే రిమ్మును కాపాడుతుంది. ధర కూడా తక్కువ. పాలిష్ చేసిన రిమ్ములు కొనకు, ఉప్పుకు పొక్కుతాయి. సాదా పెయింటు ఉన్నవి చాలు. ముందు సీఓసీ కాగితంలో (బండికి కంపెనీ ఇచ్చే ధ్రువీకరణ పత్రం) ఆ సైజు ఉందో లేదో చూసుకో.

ఆల్ సీజన్ మాత్రం వద్దు తమ్ముడూ. కొండ గుర్తు ఉన్నవి దొరుకుతాయి, చట్టానికి సరిపోతాయి. కానీ జూలైలో కూడా వాటి మీదే నడపాలి. ఆ స్టీరింగ్ కోసమే కదా నువ్వు కేమన్ కొన్నది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టుంటుంది.

డెట్రాయిట్ బుల్లోడు (మిషిగన్)

మొదట్లో బండి మూసెయ్యమన్న పెద్దాయన ఇప్పుడు రిమ్ముల రంగు చెప్తున్నాడు 😄

నెల్లూరోడు (స్టుట్‌గార్ట్)

మరి ఎన్ మార్క్?

సీతాఫలం (మ్యూనిక్)

చట్టం అడగదు. సైజు, లోడ్, స్పీడ్ సూచికలు సరిపోతే చాలు. ఎన్ మార్క్ అంటే ఆ టైరును పోర్షే వాళ్ళు తమ బండి మీద పరీక్షించి ఒప్పుకున్నారని. నీ బండికి పోర్షే అప్రూవ్డ్ వారంటీ ఉండి పొడిగించాలనుకుంటే 111 పాయింట్ల చెకప్ ఉంటుంది, అందులో టైర్లూ చూస్తారు. వారంటీ ఉంటే ఎన్ ఉన్నవే కొను, పేచీ ఉండదు. లేకపోతే నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ ఉండేలా చూసుకో చాలు. వెనక రెండే మారుద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకు. వెనక పట్టు దొరికి ముందు దొరక్కపోతే బండి మలుపులో నేరుగా పోతుంది, నా ర్యాంప్ కథలాగా.

నెల్లూరోడు (స్టుట్‌గార్ట్)

వారంటీ ఇంకా ఏడాది ఉంది. 18 అంగుళాలు, ఎన్ మార్క్ ఉన్న ఆల్పైన్ రకం ఆర్డర్ పెట్టేశాను. వచ్చే శనివారం బిగిస్తారు. షాపులో మొదట చూపించిన సెట్ పక్క గోడ మీద తయారీ తేదీ కోడ్ చూస్తే నాలుగేళ్ళ పాతది, ధర మాత్రం కొత్తదే. అడిగితే "గోడౌన్‌లో ఉంటే ఏం కాదు" అన్నాడు. వేరే షాపుకు పోయాను.

ఫిజిక్స్ మాస్టారు (ఆఖెన్)

మంచి పని చేశావు. ఆ నాలుగంకెల తేదీ కోడ్‌లో ఆఖరి రెండు అంకెలు సంవత్సరం, ముందు రెండూ వారం. బోల్టులు 160 న్యూటన్ మీటర్లకు బిగించమను, యాభై కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూడు. వెచ్చటి షాపులో కొట్టిన గాలి బయట మైనస్ 5కి పావు బార్ దాకా పడిపోతుంది, కాబట్టి పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూసుకో. మాన్యువల్ గేరు కదా, మంచులో గేరు తగ్గించి క్లచ్ టపీమని వదలకు, వెనక చక్రాలు పట్టేసి తోక తిరుగుతుంది. పదిహేను సెంటీమీటర్ల మంచు పడిన రోజు మాత్రం ఏ టైరూ కాపాడదు, నీ ముందు బంపరే మంచు తోసే పార అవుతుంది.

పాతకార్ల పిచ్చోడు (కార్ల్స్‌రూహె)

వారానికోసారి కింద నీళ్ళు కొట్టించు, మర్చిపోకు. ఆ 19 అంగుళాల సమ్మర్ సెట్ ఎక్కడ పెడుతున్నావు? ఫ్లాట్‌లో చోటు లేకపోతే మా షెడ్డులో పెట్టు. ఏప్రిల్‌లో వచ్చి తీసుకెళ్దువు గానీ, ఒక రౌండు మాత్రం నాకివ్వాలి.

నెల్లూరోడు (స్టుట్‌గార్ట్)

డన్ అన్నా. ఆదివారం తెస్తున్నా, రెండేసి చొప్పున రెండు ట్రిప్పులు. ఈ బండిలో నాలుగు చక్రాలు పట్టవని నిన్ననే తెలిసింది.