హెచ్‌టీఎంఎల్ పేజీలో తెలుగు: వత్తులు తెగుతున్నాయి, ఫోన్‌లో అక్షరాలు చీమలంత

పలకబలపం:
పిల్లల కథలు పన్నెండు, ఒక్కో కథ ఒక్కో హెచ్‌టీఎంఎల్ ఫైలు, అంటే బ్రౌజరులో తెరిచే వెబ్ పేజీ. జావాస్క్రిప్టు లేదు, ఫ్రేమ్‌వర్కులు వద్దు. చిక్కులు మూడు. శీర్షికల్లో "రాష్ట్రం" లాంటి మాటలకు కింది వత్తు సగం తెగిపోతోంది. ఫోన్‌లో అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయి. ఒక కంప్యూటర్లో అయితే నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు 'ఏ'లు వరసగా వస్తున్నాయి. ఎక్కడ సరిచేయాలండీ?

గుణింతం:
వత్తు తెగుతోందంటే సీఎస్ఎస్‌లో (పేజీ రూపం నిర్ణయించే రాతలో) శీర్షికకు హైట్ కట్టేసి, ఓవర్‌ఫ్లో హిడెన్ (పట్టనిది దాచేయమని) పెట్టి ఉంటారు. "ష్ట్ర"లో ష కింద ట వత్తు, ర వత్తు రెండూ పట్టాలి. ఇంగ్లీషు కొలతతో ఇచ్చిన ఎత్తు దానికి చాలదు. ఆ రెండు లైన్లూ తీసేయండి. బాడీకి, అంటే పేజీలో కనిపించే భాగం మొత్తానికి, లైన్-హైట్ (వరస ఎత్తు) 1.7 ఇవ్వండి, పక్కన ఈఎమ్ (అక్షరం సైజును బట్టి మారే కొలత) రాయకండి. 1.7ఈఎమ్ అని రాస్తే 16 పిక్సెల్స్ బాడీ దగ్గర అది 27.2 పిక్సెల్స్‌గా లెక్క తేలి, అదే అంకె 32 పిక్సెల్స్ శీర్షికకూ దిగుతుంది. శీర్షిక రెండు వరసలైతే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద పడతాయి.

ఫోన్ సంగతికి హెడ్‌లో (ఫైలు మొదట్లో, తెరమీద కనిపించని భాగంలో) మెటా వ్యూపోర్ట్ లైను చాలు: విడ్త్=డివైస్-విడ్త్, ఇనిషియల్-స్కేల్=1. అది లేకపోతే ఫోన్ బ్రౌజరు పేజీని సుమారు 980 పిక్సెల్స్ వెడల్పు అనుకుని కుదించేస్తుంది. మ్యాక్స్-విడ్త్ 34ఈఎమ్, పక్కల 1ఈఎమ్ ప్యాడింగ్ ఇస్తే పెద్ద తెరమీద కూడా కన్ను వరస తప్పదు. జస్టిఫై (వరసలను రెండు అంచులకూ సమంగా సాగదీయడం) మాత్రం వద్దు. మన మాటలు పొడుగు, ఫోన్ వరసలో మూడో నాలుగో పడతాయి, మధ్యలో గోతుల్లా ఖాళీలు తేలతాయి.

అరసున్న:
మూడోదానికి ముందు కనిపిస్తున్నదేమిటో చూడండి. గీతల 'ఏ'లైతే ఫైలు బాగానే ఉంది, బ్రౌజరు వేరే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను అంకెలుగా దాచే పద్ధతిలో) చదువుతోంది. మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 లైనును హెడ్ తెరవగానే పెట్టండి, మొదటి 1024 బైట్లలో ఉండాలి. అప్పటికీ మారకపోతే సర్వరు హెడర్లో వేరే చార్‌సెట్ వెళుతోందేమో చూడాలి, దాని మాటే నెగ్గుతుంది. డబ్బాలు కనిపిస్తే ఆ కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేదు. అసలు భయపడాల్సింది ప్రశ్న గుర్తులకు: పాత నోట్‌ప్యాడ్‌లో ఆన్సీగా (తెలుగు పట్టని పాత ఎన్‌కోడింగ్) సేవ్ చేస్తే అక్షరాలు ఫైల్లోనే పోతాయి, తిరిగి రావు.

హెచ్‌టీఎంఎల్ ట్యాగులో లాంగ్ విలువ "టీఈ" అని ఇవ్వండి. చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడరు తెలుగు గొంతు ఎంచుకునేది దాన్ని చూసే.

పలకబలపం:
శీర్షికకు హైట్ 40 పిక్సెల్స్ ఉంది, తీసేశాను, వత్తులు వచ్చాయి. సంభాషణలకు ఇటాలిక్ పెట్టాను, అదీ ఇబ్బందేనా?

గుణింతం:
తీసేయండి. తెలుగు ఫాంట్లలో సాధారణంగా ఇటాలిక్ ఉండదు, బ్రౌజరే నిలువు అక్షరాన్ని పక్కకు వంచుతుంది, గుండ్రాలు నలిగిపోతాయి. సంభాషణకు కొటేషన్ గుర్తులు చాలు. నొక్కి చెప్పాల్సిన ఒక్క మాటకు బోల్డ్ వాడండి.