అప్‌డేట్: షాపు ధర, ఆన్‌లైన్ ధర

ఒకే డిక్షనరీ ద్వారకానగర్ షాపులో 600, ఆన్‌లైన్‌లో 450 ఎందుకుందని మొన్న అడిగాను కదా. సలహా ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్. నేరుగా షాపాయన్నే అడిగాను.

వెనక అట్ట మీద ఉండే ఎమ్మార్పీ గరిష్ఠ ధర మాత్రమే, అంతకంటే తక్కువకు ఎవరైనా అమ్ముకోవచ్చు. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు కాబట్టి తేడా పన్నుది కాదు. పబ్లిషర్ ఇచ్చే కమీషన్‌లోంచే ఆయన అద్దె, కరెంటు, కుర్రాళ్ల జీతాలు వెళ్లాలి. అయినా అడగ్గానే 10 శాతం తగ్గించారు. ఆన్‌లైన్‌లో డెలివరీకి 50 కలిపితే మిగిలిన తేడా 40 రూపాయలే! పేజీలు తిప్పి, అచ్చు, కుట్టు చూసుకుని షాపులోనే కొన్నాను.

ఆన్‌లైన్‌లో ఒక పాత తెలుగు కథల పుస్తకాన్ని ఎవరో ఎమ్మార్పీకి రెట్టింపు ధరకు పెట్టారు. అదే షాపులో అట్ట మీది ధరకే దొరికింది. తెలుగు పుస్తకాలకైతే ముందు షాపులోనే అడగండి.