కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో ఎదుటి జట్టు తరఫున ఫుట్‌బాల్ మ్యాచ్ చూసినవాళ్ళున్నారా? వైజాగ్ నుంచి నలుగురం వెళ్తున్నాం

గాజువాక గోలీ
అందరికీ నమస్తే. మేం నలుగురం బెంగళూరులో ఆరేడేళ్ళు ఉద్యోగాలు చేసి వైజాగ్ తిరిగొచ్చేశాం గానీ బెంగళూరు ఎఫ్‌సీ పిచ్చి వదల్లేదు. అక్కడి కంఠీరవ స్టేడియం వెస్ట్ బ్లాక్‌లో గొంతులు పోగొట్టుకున్నవాళ్ళమే. ఈసారి అక్కడి జట్టు ఈస్ట్ బెంగాల్ మీద మ్యాచ్‌కి కోల్‌కతా వెళ్దామని. మనవాళ్ళకి వేరే గేటు ఉంటుందా? నీలం జెర్సీ వేసుకోవచ్చా? పవర్ బ్యాంకు, బ్యాగు లోపలికి రానిస్తారా? మ్యాచ్ అయ్యాక అదే రాత్రి రైలు అందుతుందా? మాలో ఒకడికి మోకాలి ఆపరేషన్ అయింది, మెట్లు ఎక్కువుంటే కష్టం, అది కూడా చెప్పండి.

కొత్తరోడ్ కుర్రోడు
జెర్సీ సంగతి నన్నడుగు బ్రో. 2025 ఏప్రిల్ 12, ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్, అదే సాల్ట్ లేక్, కోల్‌కతా వాళ్ళదే ఇంకో జట్టు మోహన్ బగాన్ మీద మన బెంగళూరు. మనవాళ్ళ వైపు టికెట్ దొరక్క వాళ్ళ మధ్యలో కొన్నాను. లోపల నీలం జెర్సీ, పైన జిప్పు జాకెట్. ఏప్రిల్‌లో కోల్‌కతా ఉక్కపోత ముందు మన పోర్టు ఏరియా ఊటీ. మెడ దాకా జిప్పు లాక్కుని కూర్చుంటే చెమట బెల్టు దాకా దిగింది. సెకండ్ హాఫ్ మొదలైన కాసేపటికే వాళ్ళ డిఫెండరే బంతిని వాళ్ళ గోల్‌లోకి కొట్టేసుకున్నాడు. అంత జనంలో చప్పుడు లేదు. నేనొక్కణ్ణే "హా" అని సగం లేచి, వెంటనే షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగిపోయాను. వేసుకున్నవి చెప్పులు. పక్కనున్న పెద్దాయన నా కాళ్ళు చూశాడు, నా మొహం చూశాడు, ఏమీ అనలేదు. తర్వాత వాళ్ళ కమింగ్స్ పెనాల్టీ, ఎక్స్‌ట్రా టైమ్‌లో మెక్లారెన్, 2-1తో అయిపోయింది మన పని. చుట్టూ అందరూ గెంతుతుంటే ఆ పెద్దాయన తను తింటున్న ఝాల్‌ముడి పొట్లం నా చేతిలో పెట్టేసి వెళ్ళిపోయాడు. మన బీచ్‌లో ముంత మసాలా లాంటిదే, ఆవనూనె పోస్తారు. ఆ ఘాటుకి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆవనూనె వల్లే అని ఇప్పటికీ చెప్తున్నాను.

బీచ్ రోడ్ బాబాయ్
జాకెట్ కింద జెర్సీ దాచుకుని వెళ్ళడమెందుకయ్యా, ఇంట్లో టీవీ ముందు కూర్చోక? జట్టు మీద అభిమానం దొంగచాటు యవ్వారమా? నేను హైదరాబాద్ ఎఫ్‌సీ జెర్సీతో 2023 ఫిబ్రవరిలో కొచ్చి వెళ్ళాను. కలూరు స్టేడియం, చుట్టూ మంజప్పడ, అంటే కేరళ బ్లాస్టర్స్ ఫ్యాన్సే, ఒకటి సున్నాతో గెలిచాం, కుర్చీ ఎక్కి అరిచాను. నన్నెవడూ ఏమీ చేయలేదు.

కొత్తరోడ్ కుర్రోడు
బాబాయ్, హైదరాబాద్ జెర్సీ ఏ రంగు? పసుపు. బ్లాస్టర్స్ జెర్సీ ఏ రంగు? పసుపు. వాళ్ళ పసుపులో మీ పసుపు కలిసిపోయింది, అందుకే ఏమీ చేయలేదు. 🙏

బీచ్ రోడ్ బాబాయ్
రెండు పసుపులకీ తేడా తెలీదా? మీదేమో నిమ్మకాయ... అదే వాళ్ళది. మాది వేరు. లోగో ఉంటుంది, పేరుంటుంది. 2022 మార్చిలో గోవా ఫటోర్డాలో ఐఎస్ఎల్ ఫైనల్ మాకూ వాళ్ళకీ జరిగినప్పుడు పసుపు మాకే ఇచ్చారు, వాళ్ళే నల్ల జెర్సీలో ఆడారు తెలుసా? మా గోల్‌కీపర్ కట్టిమణి షూటౌట్‌లో బంతులు ఆపుతుంటే మా ఇంట్లో టీవీ స్టాండు మీద నుంచి గణపతి బొమ్మ కింద పడింది.

అనకాపల్లి బెల్లం
ఇంకెక్కడి హైదరాబాద్ ఎఫ్‌సీ బాబాయ్. 2025లో ఢిల్లీ తీసుకుపోయి పేరు కూడా మార్చేశారు. ఇప్పుడు మీకు గచ్చిబౌలి కూడా పరాయి గ్రౌండే.

బీచ్ రోడ్ బాబాయ్
పుండు మీద కారం చల్లకు బాబూ. రహీమ్ సాబ్ పుట్టిన ఊరు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిన ఇండియా కోచ్ ఊరు అది. సికింద్రాబాద్ బలరాంని ఈస్ట్ బెంగాల్ వాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. అలాంటి చోట ఒక్క ఐఎస్ఎల్ జట్టు నిలబడలేదంటే ఇంకేం మాట్లాడతాం. ఆ జెర్సీ బీరువాలో మడతపెట్టి ఉంది, ఉతకలేదు.

వాల్తేరు వెయిటింగ్ లిస్ట్
గోలీ గారూ, రైలు విషయం. కోరమాండల్‌కి బుక్ చేసుకోండి, రాత్రి ఎక్కితే మర్నాడు పొద్దెక్కాక హౌరాలో దిగుతారు. దాదాపు 880 కిలోమీటర్లు.

తాటిచెట్లపాలెం టీసీ
కోరమాండల్ హౌరా మానేసి చాన్నాళ్ళయింది మాస్టారూ, షాలిమార్ వెళ్తుంది. అక్కడ దిగి బస్సులూ ట్యాక్సీలూ అంటూ తిరిగేకన్నా హౌరా మెయిల్ పట్టుకోండి. హౌరా స్టేషన్ కిందే మెట్రో, 2025 ఆగస్టు నుంచి లైను మొత్తం కలిసింది, నదికింద నుంచి వెళ్ళి సాల్ట్ లేక్ స్టేడియం అని పేరున్న స్టేషన్లోనే దిగొచ్చు. ఏడున్నర మ్యాచ్ తొమ్మిదిన్నరకి అవుతుంది, చెన్నై వచ్చే మెయిల్ హౌరాలో అర్ధరాత్రి దగ్గర బయల్దేరుతుంది. మెట్రో దగ్గర తోపులాటకి ఒక గంట వేసుకోండి.

న్యూకాసిల్ నాయుడు
ఇక్కడ ఇంగ్లండ్‌లో ఈ జాకెట్ గొడవే లేదండి. అవే ఫ్యాన్స్‌కి, అంటే బయటి ఊరి జట్టు వాళ్ళకి, ఒక మూల వేరుగా ఇచ్చేస్తారు, పెద్ద గ్రౌండ్లలో మూడు వేల సీట్ల దాకా. ప్రీమియర్ లీగ్‌లో అవే టికెట్ 30 పౌండ్లు దాటకూడదు. మోకాలు అన్నారు కాబట్టి చెప్తున్నా, మా సెయింట్ జేమ్స్ పార్క్‌లో వచ్చినవాళ్ళని ఏడో అంతస్తులో కూర్చోబెడతారు, పద్నాలుగు వరసల మెట్లు. నేను ఆర్సెనల్ వాళ్ళతో ఎక్కాను. పైకెళ్ళి చూస్తే ఆటగాళ్ళు సింహాచలం కొండ మీంచి చూసిన ఆటోల్లా ఉన్నారు.

అనకాపల్లి బెల్లం
సాల్ట్ లేక్ అడిగితే సెయింట్ జేమ్స్ చెప్తున్నారు. వీసా ఎక్కడ తీసుకోవాలో కూడా చెప్పేయండి నాయుడు గారూ.

ఉక్కునగరం సెక్టార్ 7
మీరంతా పిల్లలు. నేను 1997 జులై 13న సాల్ట్ లేక్‌లో ఉన్నాను. లక్షా 31 వేల మంది. ఫెడరేషన్ కప్ ఫైనల్, ఈస్ట్ బెంగాల్ 4, మోహన్ బగాన్ 1, భూటియా హ్యాట్రిక్. ఆ రోజుల్లో సీట్లు లేవు, సిమెంటు గట్లే. ఫుట్‌బాల్ అంటే అది. ఇప్పుడు కుర్చీలు వేసి సగానికి సగం తగ్గించేశారు, దానికి మళ్ళీ పవర్ బ్యాంకులు, బ్యాగులు.

తాటిచెట్లపాలెం టీసీ
అది సెమీఫైనల్ సార్.

ఉక్కునగరం సెక్టార్ 7
నేను చూశానని చెప్తున్నాను కదా.

తాటిచెట్లపాలెం టీసీ
చూసినా సెమీఫైనలే సార్. పోయినసారి ధాబా చర్చలో మీరు 97 వేసవంతా రూర్కెలాలో ట్రైనింగ్‌లో ఉన్నానని రాశారు.

ఉక్కునగరం సెక్టార్ 7
రూర్కెలా నుంచి రైలుండదా? నీలాంటి వాళ్ళతో మాట్లాడటం దండగ.

సీతమ్మధార బంగాలీ
నేను పుట్టింది వైజాగ్‌లోనే, ఇంట్లో మాత్రం మూడు తరాలుగా ఈస్ట్ బెంగాల్. గోలీ గారూ, ఆ స్టాండ్‌లో మా మధ్య నీలం వేసుకుని కూర్చోకండి, ఎవరూ కొట్టరు గానీ తొంభై నిమిషాలూ మీకు క్లాసు పీకుతారు, అందులో సగం మీకు అర్థం కాదు, అదే పెద్ద శిక్ష. మీవాళ్ళకి ఇచ్చిన భాగంలోనే టికెట్ కొనండి, అక్కడ జెర్సీ వేసుకోండి. మేం గెలిస్తే ఇలిష్ చేప, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు, అదీ కోల్‌కతా లెక్క. మీరు ఓడిపోతే రండి, ఆవ పెట్టిన ఇలిష్ తినిపిస్తాం.

అనకాపల్లి బెల్లం
ఇలిష్ అంటే మన పులసే కదా?

యానాం యాత్రికుడు
కాదు. ఒకటే చేప అనకండి, దండం పెడతాను. సముద్రంలో ఉన్నంతసేపూ అది ఇలస. వానాకాలంలో ఎర్రనీరు వచ్చినప్పుడు గోదావరిలోకి ఎదురీదితే అప్పుడు పులస. ఆ ఎదురీతలోనే రుచంతా. పుస్తెలమ్మి అయినా తినమన్నది పులసని, మీ హార్బర్‌లో అమ్మే ఇలసని కాదు.

సీతమ్మధార బంగాలీ
మా పద్మ చేపకి ఎదురీత లేదా అండీ? గోదావరికే పేటెంటా?

యానాం యాత్రికుడు
బెండకాయ వేసి మట్టికుండలో పులుసు పెట్టి మర్నాడు తిన్నారా ఎప్పుడైనా? ఆవముద్ద పూస్తే చేప రుచి ఎక్కడ తెలుస్తుంది? మీరు తింటున్నది ఆవ.

బీచ్ రోడ్ బాబాయ్
పులస పేరు చెప్పి ఇలస అమ్మేవాళ్ళే ఎక్కువ. రావులపాలెంలో ఒకాయన దగ్గర కొని నాలుగు వేలు పోగొట్టుకున్నాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ కుండ చూపించి ఏడిపిస్తుంది.

కొత్తరోడ్ కుర్రోడు
అంటే చేప కూడా జాకెట్ వేసుకుని వచ్చిందన్నమాట బాబాయ్ 😂

ఎంవీపీ మాధురి
పైనుంచి కిందదాకా చదివాను. నేను పోయినేడాది అన్నయ్యతో కలిసి ఒక ఊళ్ళో అవే మ్యాచ్‌కి వెళ్ళాను, ఊరి పేరు వద్దులెండి. మా వైపు ఉన్నది ఒక్క లేడీస్ టాయిలెట్, దానికి తాళం. కాపలా మనిషిని అడిగితే "ఇటువైపు ఆడవాళ్ళు రారు కదమ్మా" అన్నాడు. హాఫ్‌టైమ్‌లో పోలీసు ఆవిడ తోడు వచ్చి హోమ్ స్టాండ్ దాకా తీసుకెళ్ళి తీసుకొచ్చేసరికి ఒక గోల్ మిస్. సాల్ట్ లేక్‌లో ఎలా ఉంటుందో వెళ్ళినవాళ్ళు చెప్తారేమోనని చూస్తుంటే ఇక్కడ చేపల మార్కెట్ నడుస్తోంది. గోలీ గారి మోకాలి ఫ్రెండ్ గురించి కూడా ఒక్కరు చెప్పలేదు.

న్యూకాసిల్ నాయుడు
నేను మెట్ల గురించి చెప్పానండీ.

ఎంవీపీ మాధురి
ఇంగ్లండ్ మెట్లు చెప్పారు.

సీతమ్మధార బంగాలీ
సారీ మాధురి గారూ. మా చెల్లెలు ప్రతి డెర్బీకీ (మాకూ మోహన్ బగాన్‌కీ మ్యాచ్) వెళ్తుంది, రాత్రికి తనని అడిగి టాయిలెట్ల సంగతీ మెట్ల సంగతీ రాస్తాను. చేప మాట ఎత్తింది నేనే, తప్పు నాదే.

యానాం యాత్రికుడు
తప్పు చేప మాట ఎత్తడం కాదు, ఆవ మాట ఎత్తడం.

వాల్తేరు వెయిటింగ్ లిస్ట్
పవర్ బ్యాంకు: నాది ఒక స్టేడియం గేటు దగ్గర తీసుకుని అట్టపెట్టెలో పడేశారు. బయటికొచ్చేసరికి పెట్టే లేదు, పెట్టిన మనిషీ లేడు. హోటల్లో వదిలేసి వెళ్ళండి, ఫోన్ ఫుల్ ఛార్జింగ్ పెట్టుకోండి, టికెట్ ఫోన్‌లో ఉంటే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి, జనం ఎక్కువైతే సిగ్నల్ చచ్చిపోతుంది.

ఉక్కునగరం సెక్టార్ 7
పాత పేపర్ చూశాను. సెమీఫైనలే. కానీ నేను వెళ్ళిన మాట నిజం.

గాజువాక గోలీ
అందరికీ థాంక్స్. వెళ్ళేటప్పుడు మెయిల్‌కి రెండు కన్ఫర్మ్, రెండు వెయిటింగ్ 31, 32. మోకాలు ఉన్నవాడికి లోయర్ అడిగితే సైడ్ అప్పర్ వచ్చింది. టీసీ గారూ, మీరు నిజంగా టీసీయేనా?

తాటిచెట్లపాలెం టీసీ
కాదు బాబూ, ట్యూషన్ సెంటర్.