'ప్లేయింగ్ అవుట్ ఫ్రమ్ ది బ్యాక్'ని తెలుగులో ఏమందాం?

ఫుట్‌బాల్ మీద ఒక వ్యాసం రాస్తూ మూడు రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. గోల్‌కీపర్ బంతిని దూరంగా బాదేయకుండా పక్కనున్న డిఫెండర్‌కి చిన్న పాస్ ఇచ్చి, అక్కణ్ణుంచి అందరూ పాస్ మీద పాస్‌తో పైకి తెచ్చే పద్ధతి ఉంది కదా, అదీ సంగతి. "వెనక నుంచి ఆడటం" అని రాస్తే చదివిన మిత్రుడు పకపకా నవ్వాడు. నిజమే, మనకి వెనకుండి ఆడేవాడంటే తెర చాటున పావులు కదిపేవాడు.

స్పానిష్‌లో 'సలీదా దె బలోన్' అంటారు, బంతి బయటపడటం అని. ఇటాలియన్‌వాళ్లది కింది నుంచి కట్టడం, జర్మన్‌వాళ్లదీ కట్టడమే, 'ష్పీల్‌ఔఫ్‌బౌ'. మనకి ఏది నప్పుతుంది?

వ్యాఖ్య: "కొరివితో తల గోక్కోవడం" అని రాసేయండి, పీడా పోతుంది :) 2018 ప్రపంచకప్‌లో అర్జెంటీనా కీపర్ కబల్లెరో గుర్తున్నాడా? క్రొయేషియాతో మ్యాచ్. తనవాడు వెనక్కిచ్చిన బంతిని మీదికొస్తున్న క్రొయేషియా ఫార్వర్డ్ రెబిచ్ తల మీదుగా లేపబోయి, నేరుగా అతనికే అందించాడు. అతను గాల్లో ఉండగానే కొట్టేశాడు. చివరికి 0-3. చేజేతులా అంటే ఇదే.

వ్యాఖ్య: చేజేతులా కాదండీ, కాలితో! బంతిని చేత్తో పట్టుకునే వీలుంటే ఆ గొడవే లేదు. సాటి ఆటగాడు కావాలని కాలితో ఇచ్చిన పాస్‌ని కీపర్ చేత్తో ముట్టకూడదని 1992లో నిబంధన పెట్టారు. అప్పట్నుంచే కీపర్ కూడా కాళ్లతో ఆడటం నేర్చుకోవాల్సి వచ్చింది.

పోస్టు పెట్టినది నేనే: సామెత బాగుంది గానీ అర్థం చెడుతోంది. కొరివితో గోక్కుంటే ఒరిగేదేం లేదు, ఇక్కడ ఉంది. అవతలి కీపర్ ఎలాగూ తన గోల్ వదిలి ఇంత దూరం రాడు, కాబట్టి మన కీపర్ కూడా పాస్‌లలో కలిస్తే మనవాళ్లు పదకొండు, వాళ్లు పది. ఎక్కడో ఒకడు ఖాళీగా ఉంటాడు, వాణ్ణి వెతికి పట్టుకోవడమే ఆటంతా. డి జెర్బీ కోచ్‌గా ఉన్నప్పుడు ఇంగ్లండ్ క్లబ్ బ్రైటన్ డిఫెండర్లు బంతి మీద అరికాలు ఆనించి, ఊరికే నిలబడేవాళ్లు. చూసేవాడికి టెన్షన్. ఎదుటి ఫార్వర్డ్ ఎంతసేపని ఓర్చుకుంటాడు? మీదికి ఉరికాడా, అతను వదిలొచ్చిన చోటుకే పాస్ వెళ్లేది, ఒక్క టచ్‌తో ఇంకొకరికి, అంతే, నలుగురైదుగురు ప్రత్యర్థులు బంతికి వెనకే మిగిలిపోయేవాళ్లు. 2022-23లో ప్రీమియర్ లీగ్‌లో ఆరో స్థానంలో నిలిచి, ఆ క్లబ్ చరిత్రలో మొదటిసారి యూరప్ పోటీలకి వెళ్లారు. అందుకే కొరివి కాదు, 'ఎర' అన్న మాట ఎక్కడైనా దూరుతుందేమో చూస్తున్నాను.

వ్యాఖ్య: నేను కాలేజీ రోజుల్లో కీపర్‌ని. వీడియోలు చూసి ఎర వేశాం, మేమే చిక్కాం. పాస్ అరగజం వెనక పడింది, డిఫెండర్ దాన్ని అందుకోడానికి అటు తిరిగేసరికి వాడి వీపు వెనకే ఇద్దరు. నేను కదిలేలోపే అయిపోయింది. కోచ్ "బాదరా" అని అరుస్తూనే ఉన్నాడు. ఎర అంటే పారేసుకున్నా ఫర్వాలేని వస్తువు అనిపిస్తుంది, ఇక్కడ పోయేది ఏకంగా గోలు. నా ఓటు 'అల్లుకురావడం'. ఒక్క పోగు తెగితే చాలు, మొత్తం ఊడిపోతుంది.

వ్యాఖ్య: అల్లడమంటే కట్టుకథలు కూడా కదా?

పోస్టు పెట్టినది నేనే: అల్లడం వేరు, అల్లుకురావడం వేరు. ఆ 'కు' ఊరికే రాలేదు. నెట్టుకురావడం, లాక్కురావడం చూడండి, పని చేస్తూనే ముందుకు జరగడం ఒకే క్రియలో ఇమిడిపోతుంది. ఇంగ్లిష్‌లో దానికి ఐదు మాటలు కావాల్సొచ్చాయి. చిక్కల్లా 'రావడం' దగ్గరే. అవతలి గోల్ వైపు నుంచి చూసేవాడికి అల్లుకొస్తున్నారు, కీపర్‌కేమో అల్లుకెళ్తున్నారు. ఎవరి కళ్లతో చూస్తున్నామో తేల్చుకోకుండా తెలుగులో ఈ వాక్యం పూర్తి కాదు.

వ్యాఖ్య: గోల్‌కిక్ (గోల్ ముందు నుంచి ఆట మళ్లీ మొదలుపెట్టే కిక్) అయితే 'దగ్గర్నుంచే' అని చేర్చండి. 2019 దాకా బంతి పెనాల్టీ ఏరియా (గోల్ ముందు గీసిన పెద్ద దీర్ఘచతురస్రం) దాటితేనే ఆట మొదలైనట్టు. ఇప్పుడు కదిలితే చాలు, డిఫెండర్లు ఏరియాలోపలే అందుకోవచ్చు. ప్రత్యర్థులు మాత్రం కిక్ కొట్టేదాకా గీత బయటే, గోల్ లైన్‌కి 16.5 మీటర్ల దూరంలో కాచుక్కూర్చుంటారు.

పోస్టు పెట్టినది నేనే: సరే, ఇలా రాశాను: "గోలు దగ్గర్నుంచే అల్లుకొచ్చారు, నాలుగో పాస్ దగ్గర తెగింది." నవ్విన మిత్రుడికి పంపాను. ఈసారి నవ్వలేదు, ఎవరు గోల్ కొట్టారని అడిగాడు.